రెండు రిజిస్టర్లు: మన పిల్లల వయసు ఎవరు రాశారు?

కాస్త పెద్ద పోస్టు ఇది. రెండు విడతల్లో చదివినా పర్వాలేదు, చివరిదాకా చదవండి. ముఖ్యంగా ఇంట్లో పదో తరగతిలోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నవాళ్లు.

మన ఆశ్రమ పాఠశాలల్లో అడ్మిషన్ రిజిస్టరు ఎప్పుడైనా చూశారా? చాలామంది పుట్టినతేదీ జూన్‌లోనే ఉంటుంది. జూన్ 1, జూన్ 5, జూన్ 10. మిగతా పదకొండు నెలల్లో మన గూడేల్లో, తండాల్లో కాన్పులే జరగనట్టు! కారణం మనందరికీ తెలుసు. బడి తెరిచేది జూన్‌లో. అమ్మానాన్నలను అడిగితే "పెద్ద గాలివాన వచ్చిన ఏడు", "జొన్న కోతలప్పుడు" అంటారు. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి కాబట్టి మాస్టారు వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ వేస్తారు. హాస్టల్లో దీనిమీద మనం జోకులేసుకుంటాం, అందరం ఒకేరోజు పుట్టినరోజు చేసుకుందాం అంటాం.

కానీ అదే తేదీ పోలీస్ స్టేషన్‌లో, కోర్టులో ఒక పిల్లాడి బతుకును తేల్చేస్తుంది. 15 ఏళ్లా, 17 ఏళ్లా, 19 ఏళ్లా అన్నదాన్ని బట్టి వాడు వెళ్లేది ఇంటికా, అబ్జర్వేషన్ హోంకా, జైలుకా అన్నది మారిపోతుంది. బాలల చట్టం మొత్తం నిలబడింది వయసు మీద. వయసు నిలబడింది కాగితం మీద. ఆ కాగితం మన దగ్గర ఎందుకు లేదో, మనకు బదులు ఎవరి దగ్గర మన పేర్లున్న కాగితాలు ఉన్నాయో చెప్పడానికే ఈ పోస్టు. సర్కారు మన పిల్లల గురించి రెండు రిజిస్టర్లు పెట్టింది. ఒకటి పుట్టుకల రిజిస్టరు, ఇంకోటి పోలీసు రిజిస్టరు. మనవాళ్ల విషయంలో రెండోదాన్నే శ్రద్ధగా నింపారు.

తెల్లవాళ్ల కాలంలో పిల్లవాడు అంటే ఎవరు?

1860లో వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్‌లో రెండు గీతలు గీశారు. 82వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. 83వ సెక్షన్ ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకు తాము చేసే పని ఏంటో అర్థం చేసుకునే బుద్ధి రాలేదని తేలితే అదీ నేరం కాదు. ఈ గీతలు ఇప్పటికీ చెరగలేదు. 2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లుగా అవే ఉన్నాయి.

మరి పన్నెండు దాటినవాళ్ల సంగతి? 1876లో, మళ్లీ 1897లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టాలు చేశారు. 1897 చట్టం ప్రకారం శిక్ష పడిన 15 ఏళ్లలోపు మగపిల్లలను జైలుకు బదులు రిఫార్మేటరీకి పంపొచ్చు. అక్కడ క్రమశిక్షణ, చేతిపని నేర్పిస్తారు. లోపల పరిస్థితి ఎలా ఉన్నా కనీసం ఒక సూత్రం ఒప్పుకున్నట్టే: పిల్లవాడు చేసిన తప్పును, పెద్దవాడు చేసిన తప్పును ఒకే తక్కెడలో తూచకూడదు. ముందు తప్పు జరగాలి, కోర్టు తేల్చాలి, ఆ తర్వాతే రిఫార్మేటరీ.

ఈ సూత్రం అందరికీ వర్తించిందా? లేదు.

తప్పు చేయకముందే

1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్, అంటే నేరస్త జాతుల చట్టం వచ్చింది. దాని వెనక ఉన్న ఆలోచన సూటిగా ఇది: ఈ దేశంలో కులవృత్తి తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, అలాగే నేరం కూడా కొన్ని జాతులకు వంశపారంపర్య వృత్తి. కాబట్టి మనిషిని కాదు, జాతినే నోటిఫై చెయ్యాలి. మొదట ఉత్తరాదిలో మొదలైన ఈ చట్టం 1911లో దేశమంతటికీ, అంటే మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్లు, యానాదుల్లో కొన్ని సమూహాలు, ఇంకా ఎన్నో సంచార జాతులు ఈ జాబితాల్లోకి ఎక్కాయి. పేరు రిజిస్టరులో రాసి వేలిముద్రలు తీసుకునేవాళ్లు. ఊరు దాటాలంటే చెప్పాలి, చెప్పిన చోట చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి.

పెద్దవాళ్ల కష్టాల గురించి మనం చాలా విన్నాం. ఈ చట్టం పిల్లలను ఏం చేసిందో తక్కువ మాట్లాడుకుంటాం. 1897లో చేసిన సవరణతో నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి రిఫార్మేటరీ సెటిల్మెంట్లలో పెట్టే అధికారం సర్కారుకు వచ్చింది. తర్వాత 1924లో మళ్లీ కూర్చిన చట్టం 17వ సెక్షన్‌లో ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లలోపు ఉన్నవాళ్లందరూ పిల్లలే అని రాసి, ఆ పిల్లలను అమ్మానాన్నల దగ్గర నుంచి తీసుకెళ్లి పారిశ్రామిక, వ్యవసాయ, రిఫార్మేటరీ బడుల్లో వేయొచ్చన్నారు.

ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. అదే 1897లో మామూలు పిల్లాడిని రిఫార్మేటరీకి పంపాలంటే నేరం రుజువు కావాలి. మన పిల్లాడిని పంపడానికి వాడు ఫలానా తల్లికి పుట్టాడన్నది చాలు. ఏడేళ్లలోపు పిల్లాడు నేరమే చేయలేడని పీనల్ కోడ్ చెబుతుంటే, నాలుగేళ్ల పిల్లాడిని నేరం చేస్తాడేమోనని తల్లి దగ్గర్నుంచి తీసుకుపోవచ్చని ఇంకో చట్టం చెప్పింది. రెండూ ఒకే సర్కారు చట్టాలు, రెండూ ఒకే కాలంలో అమలైనవి.

మన ప్రాంతంలో ఈ సెటిల్మెంట్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం, సీతానగరం, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి సెటిల్మెంటు అలాంటివే. స్టువర్టుపురానికి ఆ పేరు మద్రాసు గవర్నర్ కౌన్సిల్‌లో ఉన్న సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద వచ్చింది. అక్కడ బడులు పెట్టారు, ఆ బడుల్లో చదువుకుని పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. అది మరచిపోనక్కర్లేదు. అయితే ఆ బడికి వెళ్లిన పిల్లాడు చదువుకోసం చేరినవాడు కాదు, జాబితాలో ఉన్న జాతి బిడ్డ. తేడా అక్కడుంది.

1920: ఒకే రాజధానిలో రెండు చట్టాలు

1919-20 నాటి ఇండియన్ జైల్స్ కమిటీ పిల్లలను జైళ్లలో పెట్టొద్దని, వాళ్లకు విడిగా కోర్టులుండాలని సూచించింది. దేశంలో అందరికంటే ముందు బాలల చట్టం చేసింది మన మద్రాసే. 1920 మద్రాసు చిల్డ్రన్ యాక్ట్. తర్వాత 1922లో బెంగాల్, 1924లో బొంబాయి చేశాయి. చరిత్ర పుస్తకాల్లో దీన్ని గొప్పగా చెబుతారు, చెప్పాల్సిందే.

కానీ ఆ చట్టం చేసిన మద్రాసులోనే నేరస్త జాతుల చట్టం కూడా అమల్లో ఉంది. ఒక ఆఫీసులో పిల్లవాడిని పిల్లవాడిగా చూడాలని ఉత్తర్వులు, ఇంకో ఆఫీసులో జాతిని బట్టి పిల్లవాడిని లెక్కరాసే ఉత్తర్వులు. మన చరిత్ర రాసేటప్పుడు ఈ రెండో ఆఫీసును వదిలేయడం అలవాటైపోయింది.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటాం. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చి కూర్చుంది. చట్టం పేరు మారింది, స్టేషన్‌లో రిజిస్టరు మాత్రం అల్మారాలోనే ఉంది.

పద్దెనిమిదేళ్ల గీత ఎలా వచ్చింది

స్వాతంత్ర్యం తర్వాత కేంద్ర పాలిత ప్రాంతాల కోసం 1960లో చిల్డ్రన్ యాక్ట్ చేశారు. రాష్ట్రాల్లో ఎవరి చట్టం వాళ్లది. ఒకే వయసు పిల్లాడు ఒక రాష్ట్రంలో బాలుడు, సరిహద్దు దాటితే పెద్దవాడు. 1986లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలని చెప్పింది. అదే ఏడాది జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చింది. అందులో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 గీత. 1992లో మన దేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో చేరింది. ఆ తర్వాత 2000 చట్టంతో అందరికీ 18 ఏళ్లయింది. అది 2001 ఏప్రిల్ 1 నుంచి అమలైంది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. వయసు ఏ రోజున లెక్కేయాలి? నేరం జరిగిన రోజా, పట్టుకుని కోర్టుకు తెచ్చిన రోజా? 2000లో ఒక బీహార్ కేసులో సుప్రీంకోర్టు కోర్టుకు తెచ్చిన రోజే లెక్క అంది. అంటే పోలీసులు ఆలస్యంగా పట్టుకుంటే పిల్లాడు పెద్దవాడైపోతాడు. 2005లో జార్ఖండ్ నుంచి వచ్చిన కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని సరిచేసింది. నేరం జరిగిన రోజున ఎన్నేళ్లున్నాయో అదే లెక్క. 2006 సవరణలో ఇంకో ముఖ్యమైన మాట చేర్చారు: నేను అప్పటికి మైనర్ని అని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిసిపోయాక కూడా చెప్పుకోవచ్చు. ఇప్పటి 2015 చట్టం 9వ సెక్షన్‌లోనూ అది ఉంది.

28 ఏళ్లు తినేసిన ఒక పేరు

ఈ నిబంధన ఎంత విలువైందో ఒక కేసు చెబుతుంది. 1994లో పుణెలో ఘోరమైన హత్యలు జరిగాయి. ముద్దాయిల్లో ఒకడికి 1998లో ఉరిశిక్ష వేశారు, 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఏళ్ల తర్వాత అతను నేను అప్పటికి మైనర్ని అని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆధారం ఏంటి? రాజస్థాన్‌లో ఒక పల్లె సర్కారు బడి అడ్మిషన్ రిజిస్టరు. అందులో పేరు కొంచెం వేరుగా ఉంది, కేసు కాగితాల్లో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరేనని విచారణలో తేలింది. ఆ రిజిస్టరు ప్రకారం నేరం నాటికి అతనికి పన్నెండేళ్ల ఆరు నెలలు. 2023 మార్చిలో సుప్రీంకోర్టు విడుదల చేసింది. అప్పటికి 28 ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. బాలుడిగా గుర్తించి ఉంటే ఎక్కువలో ఎక్కువ మూడేళ్లు.

చనిపోయినవాళ్ల కుటుంబాల బాధ చిన్నది కాదు. దాన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పట్లేదు. కానీ పన్నెండేళ్ల పిల్లాడిని ఉరికంబం దాకా తీసుకెళ్లిన వ్యవస్థలో లేనిది ఒక్క కాగితం. ఆ కాగితం అన్నేళ్లూ ఒక పల్లె బడిలో ఉంది. తెచ్చి చూపించే మనిషి లేడు. మన ఇళ్లలో పేర్లు గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో పిలిచే పేరొకటి, బడిలో మాస్టారు రాసింది ఒకటి, ఆధార్‌లో పడింది ఇంకొకటి. ఇంటిపేరు ముందుంటుంది, వెనకుంటుంది, ఒక్కోసారి తెగ పేరే ఇంటిపేరై కూర్చుంటుంది. ఈ కేసు ఎక్కడో రాజస్థాన్‌ది అనుకోవడానికి వీల్లేదు.

16 నుంచి 18: గంజాయి బస్తా

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత చట్టం కఠినం కావాలన్న డిమాండ్ వచ్చింది. ఆ ఒత్తిడిలో 2015 చట్టం తయారై 2016 జనవరి 15 నుంచి అమలైంది. గీత 18 దగ్గరే ఉంది కానీ లోపల ఇంకో గీత పడింది. 16 నుంచి 18 మధ్య పిల్లలపై హేయమైన నేరం, అంటే కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న నేరం మోపితే, జువెనైల్ జస్టిస్ బోర్డు 15వ సెక్షన్ కింద ప్రాథమిక అంచనా వేస్తుంది. పిల్లాడికి ఆ పని చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అని చూసి, పెద్దవాడిలా విచారించాలనుకుంటే చిల్డ్రన్స్ కోర్టుకు పంపొచ్చు.

ఇది మన ఏజెన్సీకి ఎక్కడ తగులుతుందో చూడండి. గంజాయి 20 కిలోలు దాటితే ఎన్‌డీపీఎస్ చట్టంలో కనీస శిక్ష పదేళ్లు. అంటే హేయమైన నేరం కిందికే వస్తుంది. కొండ మీద నుంచి రోడ్డు దాకా బస్తా మోస్తే నాలుగు డబ్బులిస్తామని ఎవరో చెబుతారు. పట్టుబడేది మోసినవాడు. వాడికి నిజంగా 15 ఏళ్లుండి, బడి రిజిస్టరులో 17 అని ఉంటే, బోర్డు ముందు ఆగాల్సిన కేసు చిల్డ్రన్స్ కోర్టు గడప దాకా పోవచ్చు. మాస్టారు వేసిన జూన్ తేదీ బరువు అక్కడ తెలుస్తుంది.

అదే చట్టం 78వ సెక్షన్‌ కూడా తెలుసుకోండి. మత్తుపదార్థాలు మోయడానికి, అమ్మడానికి పిల్లలను వాడుకున్నవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. బస్తా ఇచ్చినవాడి మీద ఈ సెక్షన్ పెట్టారా అని అడిగే హక్కు మనకుంది. అడగాలి.

వయసు కాగితం ఇంకో వైపు కూడా కోస్తుంది. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 లోపు అమ్మాయి ఇష్టపడ్డా ఆ ఇష్టం చట్టం ముందు చెల్లదు. మన ఊళ్లలో చిన్నవయసులో ఇష్టపడి వెళ్లిపోయే జంటల్లో అబ్బాయికి 19, అమ్మాయికి 17 అయితే అబ్బాయి మీద పోక్సో కేసే. బాధితురాలి వయసు కూడా బాలల చట్టం పద్ధతిలోనే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడా తేల్చేది బడి రిజిస్టరే.

పాత రిజిస్టరు మూతపడిందా?

2024 మేలో సుప్రీంకోర్టు ఒక హిస్టరీ షీట్ కేసు చూసింది. షీట్ ఎవరి మీద ఉందో అతని మైనర్ పిల్లల వివరాలు కూడా అందులో రాశారు. అలా రాయకూడదని ఢిల్లీ పోలీసులు తమ ఉత్తర్వును మార్చుకున్నారు. కోర్టు అక్కడితో ఆగకుండా, వెనకబడిన వర్గాలు, ఎస్సీ, ఎస్టీల పేర్లు పుట్టుకను బట్టి ఈ షీట్లలోకి ఎక్కకుండా చూడాలని, అన్ని రాష్ట్రాలూ తమ పద్ధతులు పరిశీలించుకోవాలని చెప్పింది. 1871లో మొదలైన అలవాటు గురించి 2024లో కూడా చెప్పాల్సి వచ్చిందంటే ఆ రిజిస్టరు ఎంత మొండిదో అర్థం చేసుకోవచ్చు.

మనం చేయాల్సినవి

చరిత్ర తెలిశాక చేతిలో పని ఉండాలి. అందుకే కొన్ని విషయాలు సూటిగా:

1. వయసు ఎలా తేలుస్తారో 94వ సెక్షన్ చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరుసలో లేదు. ఆధార్‌తో వయసు తేల్చలేమని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

2. తమ్ముడి, చెల్లి అడ్మిషన్ రిజిస్టరులో పేరు, తేదీ ఇప్పుడే చూడండి. తప్పుంటే పదో తరగతి నామినల్ రోల్ వెళ్లకముందే హెడ్ మాస్టారిని అడగండి. మెమో వచ్చాక మార్చడం చాలా కష్టం. ఒక మాట: నిజమైన తేదీ కోసమే అడగాలి. కేసు కోసం తేదీ తగ్గించుకుంటే కోర్టులో ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది, తర్వాత నిజం చెప్పే పిల్లాడిని కూడా నమ్మరు.

3. 18 లోపు పిల్లాడిని లాకప్‌లో, జైల్లో పెట్టకూడదు. 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. బేడీలు వేయకూడదు. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి, కాదంటే కారణం రాయాలి. పిల్లాడి పేరు, ఫొటో పేపర్లో గానీ వాట్సాప్‌లో గానీ పెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. మన గ్రూపులో కూడా పెట్టొద్దు.

4. ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 చట్టం ఇచ్చిన హక్కు అది. ఫోన్ నంబరు 15100. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

5. చాలా ముఖ్యమైనది ఇది. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి పుట్టినతేదీ ఆధారం జనన ధ్రువపత్రమే. ఆ పిల్లలు కొన్నేళ్లలో ఒకటో తరగతికి వస్తారు. అప్పుడు మాస్టారు జూన్ తేదీ వేసి సర్దే వీలుండదు. 21 రోజుల్లోపు నమోదుకు ఫీజు లేదు. ఏడాది దాటితే ఆర్డీఓ స్థాయి ఉత్తర్వు కావాలి. కొండ దిగి రెండుమూడు సార్లు తిరగాల్సి వస్తుంది.

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ సెక్రటరీతో కూర్చుని మీ గూడెంలో రెండేళ్లుగా పుట్టిన పిల్లల జాబితా రాయండి. ఎవరికి పత్రం ఉంది, ఎవరికి లేదు. ఒక్క సాయంత్రం పని. మన తాతల పేర్లు వాళ్లను అడక్కుండానే స్టేషన్ రిజిస్టరులో రాసుకున్నారు. మన తమ్ముళ్ల, చెల్లెళ్ల పుట్టినరోజులు పంచాయతీ రిజిస్టరులో మనమే రాయించాలి, నిజమైన తేదీతో. మీ ఊరి జాబితా తయారైతే పిల్లల పేర్లు పెట్టకుండా, ఎంతమందికి పత్రం లేదో ఆ సంఖ్య ఒక్కటి కింద రాయండి. అన్నీ కలిపి ఐటీడీఏ పీఓ గారికి వినతి ఇద్దాం.

జోహార్.